విడవని పిడికిలి

జూన్ 9, ఆదివారం

సుధాకర్ మా చెల్లె అనూహ్యను కొట్టాడు. కట్టుకున్న భార్యను. కాన్పు ఆపరేషన్ అయి ఎనిమిది రోజులే. కడుపు మీది కుట్లు ఇంకా మానలేదు. దవాఖాన వార్డులో, పక్క మంచాల వాళ్లు చూస్తుండగా, చెంప మీద కొట్టాడు.

అనూహ్య నాకు చెప్పలేదు. కూతురి మంచం దగ్గరే ఉన్న అవ్వ చెప్పింది. నేను వెళ్లేసరికి అనూహ్య గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెంపకు ఏమైందంటే దోమ కుట్టిందన్నది. నాలుగు వేళ్ల అచ్చు వేసే దోమను నేనెక్కడా చూడలేదు.

పాప పుట్టినప్పటి నుంచి ఏడవలేదు. పాలు గుంజదు. చెయ్యి ఎత్తి విడిస్తే తడిగుడ్డలా పడిపోతుంది. పాదాలు లోపలికి తిరిగి ఉన్నాయి. గాజుపెట్టెలో, గొట్టంతో ఊపిరి. పాపదీ, అనూహ్యదీ రక్తం తీసుకుని ఏదో పరీక్షకు పంపారు. నెల పడుతుందట.

సుధాకర్ తల్లి అరుణాదేవి నిన్న మంచం పక్కన నిలబడి, ఇంట్లో ఏ రోగమున్నదో దాచిపెట్టి పిల్లనిచ్చిన్రు అన్నదట. మీ ఇంట్లనే ఉన్నదేమో చూసుకోండ్రి అన్నదట అనూహ్య. దానికి ఆ దెబ్బ.

సుధాకర్ చిన్నాయన ఒకాయన కుంటుతాడు. పోలియో అంటారు. నేను నమ్మను. తప్పు అటువైపే ఉంది.

రేపు మొయినాబాద్‌లో సుధాకర్ దగ్గరికి పోతాను. మాట్లాడడానికే.

జూన్ 10

మాట్లాడడానికే పోయాను. ఇది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మారయ్యను వెంట తీసుకుపోయాను. మా పాలీహౌస్‌లో పదిహేనేళ్లుగా గులాబీల పని అంతా చూసేది ఆయనే. సుధాకర్ సిమెంటు దుకాణంలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. అనూహ్యను ఎందుకు కొట్టావని అడిగాను. మెల్లగానే అడిగాను. చాయ్ కప్పు కింద పెట్టి, "మీ చెల్లెను తీస్కపో బావా. దాన్ని గూడ" అన్నాడు.

దాన్ని అన్నాడు. పాప అనలేదు.

మొదటి దెబ్బ ముక్కు మీద. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. కుర్చీతో సహా వెనక్కి, ఇనుప చువ్వల మీద పడ్డాడు. లేపి మళ్లీ కొట్టాను. నోట్లోంచి పన్ను ఊడి నా చొక్కాకు తగిలింది. తర్వాత మెడ పట్టాను. గోడకు ఆనించి, కుడిచేత్తో. కొంచెంసేపే. బుద్ధి వచ్చిందని అనిపించాక విడిచాను.

మారయ్య ఏదో అరుస్తున్నాడు. గుర్తులేదు. వచ్చేటప్పుడు కారు ఆయనే నడిపాడు. చేవెళ్లలో మా ఇంటి దాకా. నా కుడిచెయ్యి కొద్దిగా పట్టేసింది. పొద్దంతా పూల కత్తెర పట్టే చెయ్యి కదా.

బాపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పదేళ్లు సర్పంచ్ చేసిన మనిషి, ఇట్లాంటివి ఆయనకు కొత్త కాదు. నా చొక్కా మీది రక్తం చూసి, "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నాడు.

జూన్ 11

పోలీసులు వచ్చారు. సుధాకర్ గొంతులో ఎముక విరిగిందట, ఊపిరికి గొట్టం వేశారట. హత్యాయత్నం అని రాసుకున్నారు.

చెయ్యి బాగానే ఉంది.

జూన్ 29

బెయిల్ వచ్చింది. ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. మొయినాబాద్ పోకూడదు.

జైల్లో ఒకడు నా అన్నం పళ్లెం తన్నాడు. వాడి చెవి పట్టుకున్నాను. వార్డర్లు వచ్చి విడవమన్నారు. మణికట్టు మీద లాఠీతో కొట్టారు. విడుస్తూనే ఉన్నానని అరిచాను. ఇంకా కొట్టారు. చెవి సగం తెగి వచ్చింది. ఈ సంగతి ఇక్కడ రాయకూడదనుకున్నాను.

మా వకీలు వేణుమాధవ్ ఇంట్లో ఎవరితోనూ కేసు మాట్లాడవద్దన్నాడు. ముందుగా సుధాకరే చెయ్యి ఎత్తాడని చెప్పాలట. సరే అన్నాను.

నా భార్య అక్షిత ములాఖత్‌కు వచ్చినప్పుడు చెప్పింది, తనకు నెల తప్పిందని. పెళ్లయి అయిదేళ్లకు. జాలీకి అటువైపు నిలబడి చెప్పింది. నవ్వలేదు. నేను నవ్వాను.

జూలై 3

పాప పరీక్ష వచ్చింది. జన్యువుల డాక్టర్ సంతోషి మా ఇంటివాళ్లనందరినీ రమ్మన్నది. బాపు, అవ్వ, అక్షిత, నేను వెళ్లాం. అనూహ్య అక్కడే ఉంది, పాప గాజుపెట్టె దగ్గరి నుంచి కదలడం లేదు.

డాక్టరమ్మ అనూహ్యను తన రెండు వేళ్లు గట్టిగా పట్టుకుని చటుక్కున విడవమన్నది. అనూహ్య పట్టుకుంది. విడవబోయింది. వేళ్లు రాలేదు. చిటికెన వేలు మొదలు ఒక్కొక్కటి మెల్లగా విచ్చుకున్నాయి, బొటనవేలు అన్నిటికన్నా ఆఖరున. అనూహ్య సిగ్గుపడ్డట్టు నవ్వి, చలికాలం ఇంకా ఎక్కువ ఉంటది మేడం అన్నది.

నేను చేతులు జేబులో పెట్టుకున్నాను.

డాక్టరమ్మ కాగితం మీద గీసి చెప్పింది. మనిషి శరీరం ఎట్లా ఉండాలో రాసి ఉండే రాతలో, పంతొమ్మిదో జత క్రోమోజోము మీద ఒక జన్యువు ఉంది. దాని చివర మూడక్షరాల ముక్క ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. మామూలు మనిషికి ముప్పై అయిదు సార్ల లోపు. అంతకు మించి పెరిగితే ఆ పొడుగు నకలు కణంలో ఇరుక్కుని, వేరే పనులు చేయాల్సిన ప్రోటీన్లను కదలనీయకుండా పట్టి ఉంచుతుంది. అందుకే కండ బిగుసుకుంటుంది గానీ తొందరగా సడలదు. ఏళ్లు గడిచేకొద్దీ కండ కరిగిపోతుంది. గుండెకు, కళ్లకు కూడా వస్తుంది.

అనూహ్యకు ఆ ముక్క నాలుగు వందల ఎనభై సార్లు ఉంది. పాపకు పదిహేను వందలు దాటింది.

ఒక తరం నుంచి ఇంకో తరానికి పోయేటప్పుడు ఈ లెక్క పెరుగుతుందట. తల్లి నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి ఒక్కసారే వేలల్లోకి పోతుందట. తల్లిలో గానీ తండ్రిలో గానీ ఒక్కరిలో ఉంటే చాలు, ప్రతి కాన్పులోనూ పిల్లలకు వచ్చేందుకు సగం అవకాశం, రాకపోయేందుకు సగం.

తర్వాత బాపును, మీకు కంటి పొర ఆపరేషన్ ఏమైనా అయిందా అని అడిగింది. నలభై ఆరేళ్లకే అయింది. బాపు చెప్పలేదు. అవ్వ చెప్పింది.

ఆపై నా మొఖం చూసింది. కణతల దగ్గర, కండ తరిగి లోతుగా పోయిన చోట చూసింది. "మీ చెయ్యి కూడా ఒకసారి చూపించండి భూపాల్ గారూ" అన్నది.

నేను కుర్చీని తన్ని బయటికి వచ్చాను. తలుపు అద్దం పగిలింది. కాపలా మనిషి అడ్డం వస్తే గుండె మీద గుద్దాను. అతను ముసలివాడు. కింద కూర్చుండిపోయాడు.

జూలై 4

మారయ్య అక్షితకు అంతా చెప్పాడట. ఆ రోజు దుకాణంలో నా వేళ్లు తాను ఒక్కొక్కటి లాగి తీశానని.

పాలీహౌస్‌లో అడిగాను. ఎందుకు అబద్ధం చెప్పావని అడిగాను. ఆయన గులాబీ కొమ్మలు కట్టలు కడుతున్నాడు. తలెత్తకుండానే, "నేను అబద్ధం జెప్పలే పటేలా. నీ బొటనేలు తియ్యనీకె నాకు రెండు చేతులు పట్టినయ్" అన్నాడు.

డ్రిప్ పైపు ముక్క చేతికి దొరికింది. వీపు మీద, భుజాల మీద కొట్టాను. ఎన్నిసార్లో తెలియదు. ఆయన తల కాపాడుకున్నాడు తప్ప చెయ్యి ఎత్తలేదు. ముళ్లకొమ్మల మీద పడ్డాడు. మొఖమంతా గీసుకుపోయింది. లేచి, కండువా దులుపుకుని, కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పైపు నా చేతిలోంచి పడేసరికి చాలాసేపయింది.

జూలై 5

బాగానే ఉంది.

జూలై 6

బాగానే ఉంది. పూలు కోసేవాళ్లు లేక మొగ్గలు విచ్చిపోయాయి.

జూలై 8

అక్షిత రక్తపరీక్ష చేయించుకోమంటోంది. తనకు ఏడో వారమట. నాకు ఆ జబ్బు ఉందని తేలితే కడుపులో బిడ్డకు కూడా చూడొచ్చట, పన్నెండు, పదమూడో వారంలో. ముందు నాది తేలాలి. డాక్టరమ్మతో ఫోన్‌లో మాట్లాడిందట, నాకు చెప్పకుండా.

నాకేం లేదన్నాను. వంటింటి గడప దగ్గర నిలబడి, ఒకసారి పిడికిలి మూసి తెరువు అన్నది. పోలేదు అక్కడి నుంచి. మళ్లీ అన్నది.

రేపు రాస్తాను.

జూలై 9

అక్షితను నేను కొట్టలేదు. చెయ్యి తగిలింది.

జూలై 10

కొట్టాను.

కుడిచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాను. ఆమె గుంజుకుంది. రాలేదు. గాజులు పగిలి ఇద్దరికీ రక్తం వచ్చింది. ఆమె ఎటూ పోలేని స్థితిలో ఉంది. అప్పుడు ఎడమచేత్తో కొట్టాను. చెంప మీద ఒకసారి, చెవి మీద ఒకసారి. కుడిచేతికి జబ్బు ఉందేమో. ఎడమచేత్తో కొట్టమని ఏ జబ్బూ చెప్పలేదు.

ఆమె అరవలేదు. గుంజుకోవడం మానేసి గోడకు ఆనుకుని నిలబడింది. నా వేళ్లు వాటంతట అవి వదులయ్యేదాకా ఆగింది. తర్వాత చెప్పింది.

"నీ చెయ్యి తెరుచుకోదని నాకు పెండ్లైన యాడాది నుంచి ఎరుకనే. చలికాలం పొద్దుగాల బ్రష్ విడవకుంటె ఉడుకునీళ్లు తెచ్చి పోసింది ఎవరు? నీకు సిగ్గయితదని ఒక్కనాడు అనలే. గది జబ్బు. ఇది గాదు."

షాబాద్‌లో వాళ్ల అమ్మగారింటికి వెళ్లిపోయింది. చేతిసంచి తప్ప ఏమీ తీసుకుపోలేదు. ఆటో ఎక్కేటప్పుడు చెంప వాచి కన్ను మూసుకుపోయి ఉంది. వీధిలో అందరూ చూశారు.

జూలై 12

రక్తం ఇచ్చాను. బాపును కూడా తీసుకుపోయాను. కంటి డాక్టరు పరీక్ష అని చెప్పి సంతకం పెట్టించాను. డాక్టరమ్మ ముందు పిడికిలి మూశాను. తెరవమన్నది. ఆమె గడియారం చూసింది. పంతొమ్మిది సెకన్లు.

పగిలిన అద్దం గురించి ఆమె అడగలేదు. కాపలా మనిషి ఇవాళ డ్యూటీలో లేడు.

జూలై 30

నాకు మూడు వందల పది. బాపుకు ఎనభై అయిదు. బాపు దగ్గర కంటి పొరగా ఉన్నది నా దగ్గర పిడికిలి అయింది, చెల్లె కడుపులో పాప అయింది. డాక్టరమ్మ నా గుండెకు కూడా పరీక్ష రాసింది.

ఇంట్లో చెప్పాను. బాపు కాగితం చదవలేదు. "మా తాతముత్తాతల కాడి నుంచి మా ఇంట్ల అసుంటి రోగం లేదు. మీ అవ్వ తెచ్చింది" అన్నాడు. నీ రక్తంలోనే తేలిందని కాగితం చూపించాను. చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరాడు. నాకు కాదు, అవ్వకు. నుదురు పగిలింది.

అవ్వ ఎడమ మోచెయ్యి వంకరగా ఉంటుంది. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు విరిగింది. బోరు దగ్గర జారిపడ్డదని చుట్టాలందరికీ చెప్పేవాళ్లం. నేను కూడా చెప్పాను, స్కూల్లో. ఇవాళ నుదుటి మీద పసుపు అద్దుకుంటూ అవ్వ నన్నే చూసింది. బాపును చూడలేదు.

సాయంత్రం వేణుమాధవ్ ఫోన్ చేశాడు. రిపోర్టు సంగతి విని సంబరపడ్డాడు. చెయ్యి విడవలేకపోవడం జబ్బు అని పెద్ద డాక్టరే రాసిస్తే చంపాలనే ఉద్దేశం లేదని తేలిపోతుందట, సెక్షన్ మారిపోతుందట. "నిన్ను ఈ కాయిదమే కాపాడ్తది భూపాల్" అన్నాడు.

నాక్కూడా సంతోషమయింది. అబద్ధమెందుకు, చాలా సంతోషమయింది.

ఆగస్టు 8

పాప పోయింది. అరవై ఎనిమిది రోజులు బతికింది. పేరు పెట్టలేదు.

మొయినాబాద్ అవతల సుధాకర్ వాళ్ల చేనులో పూడ్చారు. సుధాకరే కబురు పంపాడు, మేనమామ రావాలని. వకీలు ఒక్క పూటకు అనుమతి తెచ్చాడు. కానిస్టేబుల్ ఒకాయన గట్టు మీద నిలబడ్డాడు.

సుధాకర్ సగమయ్యాడు. గొంతు మీద మచ్చ, చొక్కా కాలరు దాకా గుండీలు పెట్టుకున్నాడు. మాట గాలిలా వస్తోంది, దగ్గరికి పోతే తప్ప వినిపించదు. మట్టి వేశాక నా పక్కకు వచ్చి, ఎవరి దిక్కు నుంచి వచ్చిందో తేలిందా బావా అని అడిగాడు. నేను చెప్పాల్సింది. ఎవరి దిక్కూ కాదన్నారు డాక్టర్లు అన్నాను.

అనూహ్య విన్నది. చేతులకు మట్టి అట్లాగే ఉంది. అందరి ముందుకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"పాపకు వచ్చింది నాతోని. నాకు బాపుతోని. అన్నకు గూడ ఉన్నది. ఇది ఎవ్వరం కావాలని ఇయ్యలే. నన్ను కొట్టింది ఈయన. ఈయన మెడ పిసికింది నువ్వు. గవి కావాలని జేసినయ్. నా కోసం జేసిన అని మాత్రం ఎన్నడు అనకు అన్నా. నేను అడగలే."

అరుణాదేవి ఏదో అనబోయింది. సుధాకర్ తల్లి చెయ్యి పట్టి ఆపాడు.

అనూహ్య మా ఇంటికి రాలేదు. వాళ్లింటికీ పోలేదు. పెళ్లికి ముందు గండిపేట కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. మళ్లీ అక్కడ చేరుతుందట, హాస్టల్‌లో ఉంటుందట. దారిలో స్టేషన్ దగ్గర దిగి, సుధాకర్ మీదా, నా మీదా వాంగ్మూలం ఇచ్చి వెళ్లింది.

ఆగస్టు 10

జూన్ 10న జరిగింది మళ్లీ రాస్తున్నాను.

సుధాకర్ మెడ పట్టుకున్నప్పుడు వాడు నా కళ్లలోకి చూశాడు. వాడికి భయమయిందని తెలిసింది. నాకు అది బాగా అనిపించింది. ఇంకా నొక్కాను. బొటనవేలు ఎక్కడ పెడితే ఎముక దొరుకుతుందో వెతికి పెట్టాను. మారయ్య "సచ్చిపోతడు పటేలా" అన్నాడు. ఆ మాట స్పష్టంగా విన్నాను. వినికూడా నొక్కాను. వాడి కాళ్లు కొట్టుకున్నాయి. నాలుక బయటికి వచ్చింది. ఏదో మెత్తగా విరిగింది నా వేళ్ల కింద.

ఆ తర్వాతే విడవాలనుకున్నాను. అప్పుడు వేళ్లు రాలేదు. మారయ్య లాగి తీశాడు.

విడవలేకపోయింది పంతొమ్మిది సెకన్లు. అంతకుముందుదంతా నాదే. అది ఎన్ని సెకన్లో ఏ డాక్టరూ చూడలేదు.

ఆగస్టు 14

మారయ్య ఇంటికి పోయాను. ఆయన భార్య బీరమ్మ తలుపు తీసి, నన్ను చూసి మళ్లీ మూసింది. బయట అరుగు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన వచ్చాడు. మొఖం మీద ముళ్ల గీతలు నల్లగా కట్టాయి. తప్పయిందన్నాను. ఆయన అరుగు చివర కూర్చున్నాడు. కోర్టులో ఏం చూశావో అదే చెప్పు, నాకోసం మార్చకు అన్నాను. "మార్శెటోన్ని గాదు" అన్నాడు. పనికి రమ్మని అడగలేదు.

ఆగస్టు 20

అక్షితకు ఇవాళ పరీక్ష. పొట్టలోకి సూది పంపి బిడ్డ చుట్టూ ఉండే పొరలోంచి చిన్న ముక్క తీస్తారట. లోపలికి వాళ్ల అమ్మ వెళ్లింది. నన్ను రావద్దన్నది. దవాఖాన ఎదురుగా బస్టాపులో నాలుగు గంటలు నిలబడ్డాను. బయటికి వచ్చినప్పుడు నన్ను చూసింది. ఆగలేదు.

ఆగస్టు 27

వేణుమాధవ్ ఆఫీసుకు పోయి, ఆగస్టు 10న రాసిన పేజీ చదివి వినిపించాను. ఆయన లేచి తలుపు గొళ్లెం పెట్టాడు. ఇది చింపి కాల్చేయమన్నాడు. రిపోర్టు పెట్టుకోండి, దాంతోపాటు ఇది కూడా చెప్తాను అన్నాను. పిచ్చిలేసిందా అన్నాడు. ఏడేళ్లు పడొచ్చు, నీ కండలు అప్పటిదాకా ఉంటయా అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కాలర్ పట్టుకోబోయాను. చెయ్యి సగం దాకా లేచింది. నాకు తెలుస్తూనే ఉంది లేస్తున్నట్టు. కిందికి దించాను. ఎట్లా దించానో తెలియదు.

ఆయన అది చూశాడు. మెల్లగా, జైలుకు పోతవ్ భూపాల్ అన్నాడు.

"పోత" అన్నాను.

సెప్టెంబర్ 9

అక్షిత రమ్మని మెసేజ్ పెట్టింది. షాబాద్‌కు బస్సులో పోయాను. వాళ్ల నాయన గుమ్మంలోనే కూర్చున్నాడు, కట్టె పక్కన పెట్టుకుని. నన్ను లోపలికి పోనిచ్చాడు గానీ లేవలేదు.

అక్షిత నాకు దూరంగా, తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. పొట్ట కొద్దిగా కనిపిస్తోంది. చెవి ఇంకా సరిగ్గా వినిపించడం లేదట. నేను మాట్లాడినప్పుడు తల పక్కకు తిప్పుతోంది. ఆడపిల్లో మగపిల్లాడో చెప్పరు. నేనూ అడగలేదు.

"బిడ్డకు రాలే" అన్నది. "నా దిక్కుది, నీ దిక్కుది, రెండు మామూలుగనే ఉన్నయట."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నేను ఆపేదాకా ఆగింది. కోర్టులో ఏం చెప్పబోతున్నానో అడిగింది. చెప్పాను. అంతా విని, తల ఊపింది.

ఇంటికి ఎప్పుడొస్తావని అడిగాను. అడగకూడదనుకునే పోయాను. అడిగేశాను.

"రక్తంల వచ్చేదాన్ని డాక్టర్లు చూసి చెప్పిన్రు" అన్నది. "బాపు అవ్వను కొట్టంగ నువ్వు చూసుకుంట పెరిగినవ్. నన్ను కొట్టంగ వీడో ఇదో చూసుకుంట పెరగొద్దు. దానికి పరీక్ష లేదు. నేనే చూసుకోవాలె. నువ్వు జైలుకు పోయిరా. అప్పుడు నువ్వు ఎట్లున్నవో చూసి చెప్త."

బస్సుకు టైమయింది. లేచేటప్పుడు ఆమె చెయ్యి ఒళ్లో కనిపించింది, మణికట్టు మీద గాజుపెంకుల మచ్చలు. ఒక్కసారి పట్టుకోవాలనిపించింది.

పట్టుకోలేదు.